తెరమీది ఇరానీయుడు

2017 ఫిబ్రవరి 22వ తేదీ సాయంకాలము అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఒలేథా అను పట్టణములో, పని ముగించుకొని ఒక మద్యశాలలో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒక తెల్లజాతివాడు నిలదీసెను. వారు ఆ దేశమునకు ఎట్లు వచ్చిరని ప్రశ్నించెను. తన దేశము విడిచి పొండని కేకలు వేసెను. అక్కడివారు అతనిని బయటకు పంపివేయగా, కొంతసేపటికి తుపాకితో తిరిగివచ్చి కాల్చెను. ఒకరు మరణించిరి, రెండవవారు గాయపడి బ్రదికిరి. హంతకుడు పొరుగున ఉన్న మిసోరీ రాష్ట్రములోనికి పారిపోయి, ఒక భోజనశాలలో పనిచేయువారితో తాను ఇద్దరు ఇరానీయులను చంపి వచ్చితినని చెప్పి, ఆ మాటవలననే పట్టుబడెను. 2018లో న్యాయస్థానము అతనికి యావజ్జీవ కారాగారశిక్ష విధించినది.

తెలుగునాట ఈ వార్త విన్నవారిలో పెక్కుమంది నోట ఒకే మాట వచ్చినది: "పాపము, ఇరానీయులనుకొని పొరపాటున చంపినాడు." దుఃఖములో పలికిన మాట గనుక దానిని తప్పుపట్టుట భావ్యము కాదు. అయినను ఆ 'పొరపాటున' అను పదము దగ్గర కొంచెము ఆగవలసియున్నది. ఆ పొరపాటు ఎక్కడ జరిగినది? చంపబడినవారు ఇరానీయులు కాకపోవుటయందా? వారు నిజముగా ఇరానీయులే అయినచో ఆ గుండు తగులవలసిన చోటనే తగిలినట్లగునా? ఎవరును అట్లు తలంపలేదు. కాని వాక్యము మాత్రము అట్లు తలంచుచున్నది. మాట అప్పుడప్పుడు పలికినవాని ఉద్దేశమును దాటిపోవును. ఆ దినములలో అమెరికాలోని తెలుగువారి నడుమ కొన్ని జాగ్రత్తలు కూడ ప్రచారమైనవి. వానిలో ఒకటి, నలుగురిలో ఉన్నప్పుడు మాతృభాషలో మాటలాడవలదనుట. పరాయివాడు తమను మరియొకరిగా పొరబడునను భయము, తాము తామే అని చాటు భాషను సయితము దాచుకొనునట్లు చేసినది!

ఆ హంతకుని మనస్సులో ఇరానీయుడనగా ఎవడో పరులకు తెలియదు. ఏ చలనచిత్రమును తనంత తాను తుపాకి పేల్చదు. అతని నేరమును సినిమాలకు అంటగట్టుట న్యాయము కాదు. అతని బాధ్యతను తగ్గించుటయు అగును. ఒక్కటి మాత్రము చెప్పవచ్చును. జీవితములో ఒక ఇరానీయునితోనైనను మాటలాడని అమెరికా పౌరునికి కూడ ఇరానీయుడు ఎట్లుండునో తెలియునను నమ్మకము కలదు. ఆ నమ్మకమును కలిగించినది పుస్తకము కాదు, ప్రయాణము కాదు, ఇరుగుపొరుగు కాదు. టెలివిజన్, దాని వెంట సినిమా.

అది ఎట్లు మొదలైనదో తేదీతో సహా చెప్పవచ్చును. 1979 నవంబరు 4వ తేదీన టెహరాన్ నగరములోని అమెరికా రాయబార కార్యాలయమును విప్లవ విద్యార్థులు ఆక్రమించిరి. 52 మంది 444 దినములు బందీలుగా ఉండి, 1981 జనవరి 20న విడుదలైరి. ఆ బందీల బాధ నిజము. ఆ చర్య అంతర్జాతీయ మర్యాదకు విరుద్ధమనుట నిజము. కాని అమెరికా ఇండ్లలో ఆ 444 దినములు గడచిన తీరు వేరు. ఏబీసీ సంస్థ ఆ సంక్షోభము కొరకే ప్రతి రాత్రి ఒక కార్యక్రమమును ఆరంభించినది. అదియే 1980లో నైట్‌లైన్ అను పేరుతో స్థిరపడినది. సీబీఎస్ వార్తలు చదువు వాల్టర్ క్రాంకైట్, బందీలకు నేడు ఎన్నవ దినమో చెప్పి వార్తలు ముగించుట అలవాటు చేసికొనెను. రాత్రి భోజనమైన పిదప అవే గోడలు, అవే పిడికిళ్లు, కాలుచున్న అదే జెండా. 1951లో చమురును జాతీయము చేసిన ప్రధాని మొసాద్దెగ్‌ను 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కూలద్రోసిన కథ ఆ చిత్రములలో ఇమడలేదు. అందులో తన పాత్రను సీఐఏ తన పత్రములలో బాహాటముగా ఒప్పుకొనుటకు 2013 వరకు పట్టినది. కేకకు ముందు జరిగినదానిని విననివానికి కేకవేయువాడు పిచ్చివానివలెనే కనిపించును.

గుంపు యొక్క స్వభావము వ్యాకరణము తెలిసినవారికి సులభముగా బోధపడును. దానికి బహువచనమే కాని ఏకవచనము లేదు. 'వారు' అరచుచున్నారు, 'వారు' తగులబెట్టుచున్నారు, 'వారు' ద్వేషించుచున్నారు. ఆ గుంపులోని ఒక యువకుడు సాయంకాలము ఇంటికి వెళ్లినపుడు తల్లి ఏమన్నదో, పరీక్ష తప్పినందుకు తండ్రి ఏమని కసరెనో తెరకు అక్కరలేదు. తెరమీది ఇరానీయునికి ఈనాటివరకును ఏకవచనము అరుదుగానే దొరకినది.

ఒకప్పుడు దొరకినది కూడ. 1991లో వచ్చిన 'నాట్ వితౌట్ మై డాటర్' అను చిత్రములో ఒక ఇరానీ భర్త కలడు. అమెరికా భార్యను, చిన్న కూతురును సెలవులకని టెహరాన్ తీసికొనిపోయి, తిరిగి రానీయక హింసించిన భర్త అతడు. బెట్టీ మహమూదీ అను స్త్రీ 1987లో ప్రకటించిన స్వీయకథ దానికి మూలము. భర్త పాత్ర ధరించినవాడు ఆల్ఫ్రెడ్ మొలీనా అను ఇంగ్లీషు నటుడు; చిత్రీకరణ జరిగినది ఇజ్రాయెల్‌లో. ఇది కట్టుకథ అని కొట్టివేయుట సులభము కాదు, అవసరమును కాదు. ఆ స్త్రీ పడిన కష్టము ఆమెది. చెప్పుకొను హక్కు ఆమెకు కలదు. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, అంతకుముందు గాని, ఆ తరువాత చాలకాలము వరకు గాని, అమెరికా తెర ప్రేక్షకునికి రెండవ ఇరానీ సంసారమును చూపలేదు. పది ఇండ్ల నడుమ ఒక దుష్టుని ఇల్లు చూచినవాడు వాడు దుష్టుడనును. ఆ ఒక్క ఇల్లే చూచినవాడు ఆ ఊరే అట్టిదనును. వరకట్నపు చావులు తెలుగునాట జరిగినవి, జరుగుచున్నవి. అట్టి ఒక ఇంటి కథను ఉన్నదున్నట్లు చిత్రముగా తీసి, తెలుగువారిని ఎన్నడును ఎరుగని దేశములో అదొక్కటియే ముప్పది ఏండ్లు చూపించినచో, అందులో ఒక్క అబద్ధమైనను లేకయే తెలుగువారందరును భార్యలను తగులబెట్టువారగుదురు. నిజము కూడ ఒంటరిగా నిలిచినపుడు అబద్ధము చేయు పనిని చేయగలదు.

2012లో వచ్చిన 'ఆర్గో' మరియొక విధమైనది. 1980 జనవరిలో, రాయబార కార్యాలయమునుండి తప్పించుకొని కెనడా వారి ఇండ్లలో దాగియున్న ఆరుగురు అమెరికా ఉద్యోగులను సినిమా బృందమువారిగా వేషము మార్చి దేశము దాటించిన కథ అది. దర్శకుడు బెన్ అఫ్లెక్ చదువుకొన్నవాడు. చిత్రారంభముననే 1953 నాటి కుట్రను క్లుప్తముగా చెప్పించెను. ఆ నిజాయితీ మెచ్చదగినదే. కాని ఆ నాలుగు మాటలు ముగిసిన వెంటనే తెర మరల గుంపునకే దక్కినది. బజారులోని కేకలు, విమానాశ్రయపు గద్దింపులు పలుచోట్ల అర్థము తెలుపకయే వినిపించును. పారశీకము అక్కడ భాష కాదు, చప్పుడు. హాఫిజ్, సాదీ వంటి కవులు వ్రాసిన భాషకు పట్టిన గతి అది! చివరి ఘట్టమున సైనికులు విమానమును వెంబడించుట శుద్ధ కల్పన. నిజమునకు ఆ ఆరుగురు చిక్కులు లేకయే విమానమెక్కి వెళ్లిపోయిరి. కెనడా వారు చేసిన సాహసమును తగ్గించి చూపినారని నాటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ స్వయముగా చెప్పెను. ఇంతమాత్రపు స్వేచ్ఛ సినిమాకు ఉండవచ్చును. గమనింపదగినది మరియొకటి. ఆ చిత్రములో తనకంటూ ఒక మనస్సు, భయము, ఒక నిర్ణయము కలిగిన ఇరానీ వ్యక్తి దాదాపు ఒక్కతెయే: కెనడా రాయబారి ఇంటి పనిమనిషి. విప్లవ రక్షకులు వచ్చి అడిగినపుడు ఆమె అబద్ధమాడి అతిథులను కాపాడును. కథ ముగియునపుడు అమెరికావారు ఆకాశములో ఆనందబాష్పములు రాల్చుచుండగా, ఆమె సంచి పట్టుకొని ఇరాకు సరిహద్దు దాటుచుండును. ఆ దేశమును త్వరలోనే యుద్ధము ముంచెత్తినదని ఎరిగిన ప్రేక్షకుడు ఆమె ఏమయ్యెనో అని కలవరపడును. చిత్రమునకు ఆ కలవరము లేదు. 2013లో దానికి ఉత్తమ చిత్రముగా ఆస్కార్ బహుమానము లభించినది. వాషింగ్టన్‌లోని శ్వేతసౌధమునుండి అధ్యక్షుని భార్యయే ఆ పేరు ప్రకటించినది.

ఇక 2007 నాటి '300' అను చిత్రమునుగూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. థర్మోపిలే కనుమలో గ్రీకులు పారశీకులతో పోరాడిన కథ అది. అందు గ్రీకులు మనుష్యులు. పారశీకులు వికృతాకారులు, రాక్షసులు. ఇరాన్ ప్రభుత్వము నిరసన తెలిపినది. అయితే అదే యుద్ధకాలమునకు చెందిన మరియొక కృతిని ఇక్కడ తలచుకొనుట అవసరము. గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ మారథాన్ రణరంగమున పారశీకులతో స్వయముగా పోరాడినవాడు. సాలమిస్ నౌకాయుద్ధములో గ్రీకులు గెలిచిన ఎనిమిదేండ్లకు, క్రీ.పూ. 472లో, 'పారశీకులు' అను నాటకమును ఏథెన్సు ప్రజల ఎదుట ఆడించెను. రంగము ఏథెన్సు కాదు, శత్రురాజధాని సూసా. ప్రధాన పాత్ర ఓడినరాజు తల్లి. విజేతలైన ప్రేక్షకులు కూర్చుండి తాము గెలిచిన యుద్ధమును ఓడినవారి ఇంటిలోనుండి చూచిరి. దానికి ప్రథమ బహుమానమును ఇచ్చిరి. తిక్కన తెనిగించిన స్త్రీపర్వము చదువుకొన్న తెలుగువానికి ఇది కొత్తగా తోచదు. కురుక్షేత్రమున పాండవులు గెలిచిన పిమ్మట కవి గాంధారి కన్నులతో రణభూమిని చూపించెను. దుర్యోధనునికొరకు కూడ ఏడ్చు తల్లి ఒకతె యున్నదని చెప్పించెను. శత్రువును ప్రేమింపుమని ఎస్కిలస్ గాని తిక్కన గాని ఎవరిని అడుగలేదు. శత్రువునకు ఇల్లున్నదని చెప్పిరి. రెండువేల నాలుగువందల ఏండ్లు దాటిన పిదప, కోట్ల డాలర్లు ఖర్చుపెట్టగల కళ ఆ పాతమెట్టునుండి క్రిందికి దిగిపోవుట చిత్రమే.

ఇల్లు చూపకపోవుటవలన కలుగు మరియొక అనర్థము ఈ పొరపాట్లే. ముఖమున్నవానిని గుర్తుపట్టవచ్చును. గుంపును గుర్తుపట్టుటకు చర్మపు రంగు, గడ్డము, తలపాగా చాలును. 2001 సెప్టెంబరు 11 నాటి దాడులు జరిగిన నాలుగవ దినమున అరిజోనాలోని మేసా పట్టణములో ఒక సిక్కు వ్యాపారిని, తలపాగాను చూచి, కాల్చి చంపిరి. ఇరానీయుడు అరబ్బు కాడని, అతని భాష సంస్కృతమునకు దూరపు చుట్టమని, సిక్కు ముసల్మాను కాడని, తెలుగువాడు వీరెవ్వరును కాడని పాఠము చెప్పవచ్చును. కాని వివరములు సరిచేయబూనిన ప్రతివాడును తెలియకయే "వాడిని కాల్చుము, నన్ను కాదు" అన్నట్లగును.

ఇట్లుండగా, ఇరానీయులు తమ ఇంటిని తామే చూపుచున్నారు. ఇరాకుతో ఎనిమిదేండ్ల యుద్ధము ఇంకను ముగియని 1987లో అబ్బాస్ కియరోస్తమీ 'మిత్రుని ఇల్లెక్కడ' అను చిత్రమును తీసెను. తోటి విద్యార్థి నోటుపుస్తకము పొరపాటున తన సంచిలో వచ్చినది. రేపు అది లేకున్నచో పంతులు వానిని బడినుండి వెళ్లగొట్టును. పిల్లవాడు దానిని పట్టుకొని పొరుగూరికి పరుగెత్తును. కథ అంతే. 1997లో మాజిద్ మజీదీ తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' చిత్రములో చెల్లెలి జోళ్లు పోగొట్టిన అన్న, తండ్రికి తెలియనీయక తన జోళ్లనే చెల్లెలితో పంచుకొనును. పందెములో మూడవ బహుమతిగా జోళ్లు ఇత్తురని తెలిసి మూడవవాడుగా రావలెనని పరుగెత్తి, మొదటివాడుగా వచ్చి ఏడ్చును. అస్ఘర్ ఫర్హాదీ 2011లో తీసిన 'ఎ సెపరేషన్' కథ టెహరాన్‌లోని ఒక మధ్యతరగతి ఇంటిది. భార్య కూతురి భవిష్యత్తు కొరకు విదేశమునకు పోదమనును. మతి తప్పిన ముసలి తండ్రిని విడిచి రానని భర్త అనును. ఈ మాటలు జరుగని వీధి నేడు గుంటూరులో కలదా, వరంగల్లులో కలదా? కొడుకులు డల్లాస్‌లోను తల్లిదండ్రులు ఇక్కడను ఉన్న తెలుగు ఇండ్లు ఎన్ని? ఆ చిత్రమును చూచిన తెలుగువాడు పారశీకము ఒక్కముక్క తెలియకయే ఎవరి పక్షమును పట్టజాలక సతమతమగును.

ఆ ఫర్హాదీ 2016లో తీసిన 'ది సేల్స్‌మన్' కథ ఇంకను విశేషమైనది. అందు టెహరాన్ దంపతులిద్దరు నాటకశాలలో ఆర్థర్ మిల్లర్ నాటకము 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' ఆడుచుందురు. అమెరికాలోని ఒక ముసలి వ్యాపార ప్రతినిధి కష్టమును, అతని భార్య ఓర్పును, ఇరాన్ నటీనటులు తమ ఒంటిమీద వేసికొని అభినయించుచుందురు. ఏ దేశము తమను గుంపుగా చూచుచున్నదో ఆ దేశపు ఇంటిలోనికి వారు వెళ్లి కూర్చుండిరి. ఎస్కిలస్ చేసిన పనియే ఇది. 2017 జనవరి 27న, ఇరాన్ సహా ఏడు దేశములవారు అమెరికాకు రాకూడదని అధ్యక్షుడు ఉత్తర్వు చేసెను. దానికి నిరసనగా ఫర్హాదీ ఆస్కార్ సభకు రానని ప్రకటించెను. ఫిబ్రవరి 26న ఆ చిత్రమునకే బహుమానము వచ్చినది. అతని బదులు దానిని అందుకొన్నవారు ఇద్దరు ఇరానీ అమెరికనులు: 2006లో అంతరిక్షయాత్ర చేసిన అనూషే అన్సారీ, అంగారక గ్రహ పరిశోధనను నడిపించిన నాసా శాస్త్రజ్ఞుడు ఫిరూజ్ నాదెరీ. కాన్సాస్‌లో తుపాకి పేలి అప్పటికి నాలుగు దినములు.

ఈ ఇరాన్ చిత్రములు సంపూర్ణ సత్యమని భ్రమించుట కూడ తగదు. విదేశపు ఉత్సవములు మెచ్చునట్టి పేదపిల్లలను, మట్టిదారులను మాత్రమే బయటకు పంపుదురని ఇరానీయులే కొందరు విసుగుకొనుట కలదు; ఆ విసుగు అర్థవంతమైనదే. సత్యజిత్ రాయ్ చిత్రములనుగూర్చి ఈ దేశమందును అదే వాదము వినబడినది. ఆ దేశపు ప్రభుత్వమును ఆ దేశపు ప్రజలును ఒకటియే అనుకొనుట అంతకంటె పెద్ద భ్రమ. జాఫర్ పనాహీ అను దర్శకునికి 2010లో ఆరేండ్ల జైలుశిక్షతోపాటు ఇరువది ఏండ్లు సినిమా తీయరాదని శిక్ష విధించినది ఆ ప్రభుత్వమే. ఇంటిలోనే కూర్చుండి అతడు తీసిన చిత్రమునకు 'ఇది సినిమా కాదు' అని పేరు పెట్టెను! 2022లో మహ్సా అమీనీ మరణించిన తరువాత ఆ దేశపు వీధులలో నిండిన స్త్రీలు సయితము గుంపే. కాని ఆ గుంపులో ఒక్కొక్క ముఖమును లోకము పేరడిగి తెలిసికొనినది. అమెరికాను రాక్షసిగా చూపు గోడబొమ్మలు టెహరాన్‌లోను ఉన్నవి. ఆ జబ్బు ఒక దేశపు సొత్తు కాదు.

తెలుగువారి సంగతి చూడుడు. హైదరాబాదు నగర నిర్మాణమునకు రూపకల్పన చేసినట్లు చెప్పబడు మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాదునుండి గోల్కొండకు వచ్చినవాడు. బజారు, కాగితము, దర్జీ, సర్కారు, దస్తావేజు అను మాటలు లేకుండ తెలుగువాని దినము గడవదు. ఇరాన్ కుటుంబములు నెలకొల్పిన హోటళ్లలో చాయ్ త్రాగుచు తరములు పెద్దవైనవి. ఇంత చుట్టరికము ఉండియు, దినపత్రికలో మెడలోని గొలుసులు తెంపు దొంగల వార్త వచ్చినపుడు 'ఇరానీ గ్యాంగు' అను శీర్షిక వెలువడును. తరతరములుగా ఈ దేశమందే పుట్టి పెరిగిన ఒక చిన్న సమాజమునకు అది మొత్తముగా అంటుకొనును. పాఠకుడు చాయ్ గ్లాసు ప్రక్కన పెట్టి ఆ వార్త చదువును. హాలీవుడ్ చిత్రములు నేడు తెలుగు మాటలతోనే పల్లెటూళ్లకు వచ్చుచున్నవి. కియరోస్తమీ మాత్రము ఫిల్ముసొసైటీ గదులు దాటి రాలేదు.

కాన్సాస్ ఘటన తరువాత తెలుగు ఇండ్లలో మరియొక బొమ్మ కూడ పెరిగినది: తుపాకి పట్టిన అమెరికావాడు. అదియు తెరనుండి వచ్చినదే. ఆ సాయంకాలము దానికి సాక్ష్యమై నిలిచినది. కాని ఆ మద్యశాలలోనే 24 ఏండ్ల తెల్లజాతి యువకుడొకడు ఉండెను. కాల్పులు మొదలు కాగానే అతడు గుండ్లు లెక్కపెట్టుకొనుచు దాగియుండి, ఇక తుపాకి ఖాళీ అయినదని తలంచి, లేచి హంతకుని వెంబడించెను. లెక్క తప్పినది. గుండు అతని చేతిని, ఛాతీని చీల్చెను. ఆసుపత్రి మంచము మీదనుండి అతడు పత్రికలవారితో మాటలాడెను. తాను అడ్డుపడినది భారతీయుని కొరకా, ఇరానీయుని కొరకా అని అప్పుడతడు విచారించుకొన్నట్లు ఆ మాటలలో ఎక్కడను లేదు.